భూమి ధర కోసం కోర్టుకు వెళ్లాక: నా అనుభవం

విశాఖపట్నం శివారు గ్రామంలో మా నాన్నగారి పేరున రెండెకరాల చిల్లర జిరాయితీ మెట్ట ఉండేది. అందులో సగానికి పైగా జీడిమామిడి తోట, గట్టు వెంబడి తాటిచెట్లు, మిగిలినది వానలు పడితే చోళ్లు, గంటెలు వేసుకునే నేల. 2013 నాటి కొత్త చట్టం ఇంకా రాని రోజుల్లో, 1894 నాటి భూసేకరణ చట్టం కింద, ప్రజాప్రయోజనం పేరిట ఒక ప్రభుత్వ సంస్థ కోసం ఆ భూమిని తీసుకున్నారు. భూమి తీసుకోవద్దని మేము కోర్టుకు వెళ్లలేదు. నగరం పెరుగుతున్నప్పుడు ఎవరో ఒకరి భూమి పోక తప్పదని ఒప్పుకున్న మనిషి మా నాన్నగారు. ఆయన ఒప్పుకోనిది ధర ఒక్కటే. ఆ ధర కోసం ఆయన మొదలుపెట్టిన కేసును, ఆయన పోయిన తరువాత వారసురాలిగా రికార్డులో చేరి, సొమ్ము చేతికి వచ్చేవరకు నేను నడిపాను. ప్రభుత్వంతో తగవు పడిన సామాన్యుడికి, ఆ తగవు తీర్చే వ్యక్తి బదిలీ, పదోన్నతి, క్రమశిక్షణ ప్రభుత్వం చేతిలో లేకపోవడం కంటే గట్టి రక్షణ మరొకటి లేదని ఆ కేసు నాకు నేర్పింది. ఆ రక్షణ ఎలా పనిచేస్తుందో, ఎక్కడ బలహీనంగా ఉందో, నేను చూసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

పాత చట్టంలో ధర నిర్ణయించే మొదటి అధికారం భూసేకరణ అధికారిది. భూమి తీసుకుంటామన్న ప్రకటన వెలువడిన తేదీకి ముందు మూడేళ్లలో చుట్టుపక్కల జరిగిన అమ్మకాల వివరాలను సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం నుంచి తెప్పించుకొని, వాటిలో ఏది మా భూమికి సరిపోలుతుందో చూసి, ఎకరానికి ఇంత అని ఆయన అవార్డు, అంటే ధర నిర్ణయించే ఉత్తర్వు, ఇస్తారు. భూమి తీసుకునేదీ ప్రభుత్వమే, ధర కట్టేదీ ఆ ప్రభుత్వ ఉద్యోగే. అవార్డు విచారణ రోజున మా నాన్నగారు ఆ కార్యాలయం వరండాలో మధ్యాహ్నం దాకా నిలబడి, లోపలికి పిలిచాక తన దగ్గరున్న దస్తావేజుల నకళ్లు ఇచ్చి, రెండు మాటలు చెప్పి వచ్చారు. అవార్డు వచ్చినప్పుడు చూస్తే, మా సర్వే నంబరును ఆనుకొని ఉన్న భూమి ఎకరం ఆరు లక్షలకు అమ్ముడుపోయిన దస్తావేజు కూడా ఆ పట్టికలో ఉంది. దాని ఎదురుగా ‘ధర ఎక్కువగా ఉన్నందున పరిగణనలోకి తీసుకోలేదు’ అని రాసి, ఎక్కడో ఊరి అవతల గెడ్డ పక్కన ఉన్న బీడు నేల దస్తావేజును ఆధారం చేసుకొని మాకు ఎకరానికి 1,80,000 రూపాయలు కట్టారు.

డబ్బు తీసుకునేటప్పుడు నాన్నగారు రసీదు మీద తన అభ్యంతరం రాసి సంతకం పెట్టారు. ఆ ఒక్క వాక్యం రాయకపోతే తరువాత కోర్టుకు వెళ్లే హక్కు పోతుంది. అభ్యంతరంతో తీసుకున్నవారు 18వ సెక్షన్ కింద నిర్ణీత గడువులోపు అర్జీ పెట్టుకుంటే, ఆ అధికారే ధర సంగతి తేల్చమని సివిల్ కోర్టుకు నివేదించాలి. అవార్డు ఇచ్చేటప్పుడు అక్కడ హాజరై ఉన్నవారికి ఆ గడువు ఆరు వారాలే. మా ఊళ్లో చదువురాని కొన్ని కుటుంబాలవారు అభ్యంతరం రాయకుండానే సంతకాలు పెట్టేశారు. వారి భూమి మా భూమి కంటే తక్కువది కాదు, అయినా వారి కథ అక్కడితో ఆగిపోయింది. కోర్టు ఎంత స్వతంత్రంగా ఉన్నా దాని గుమ్మం దాకా వెళ్లే దారి తెలియనివారికి అది లేనట్టేనని నాకు మొదట అర్థమైంది అప్పుడే.

నేను జిల్లాపరిషత్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయినిని. నాన్నగారి కేసులో నేను చేరుతున్నానని తెలిసినప్పుడు మా చిన్నాన్న ఎంతో ఆందోళనతో వచ్చి, “ప్రభుత్వం జీతం తింటూ ప్రభుత్వం మీద కేసేమిటే తల్లీ, రేపు నిన్ను ఏ మూలకో బదిలీ చేస్తే పిల్లల సంగతేమిటి?” అన్నారు. ఆ భయం నాలోనూ లేకపోలేదు. డాబాగార్డెన్స్‌లో ఉండే మా ప్లీడరు గారికి అదే చెప్పాను. ఆయన వయసులో పెద్దవారు, భూసేకరణ కేసుల్లో చాలా అనుభవం ఉన్నవారు. “చూడమ్మా, ఆ ఆఫీసులో కుర్చీలో కూర్చున్నవారే మీకు అవతలి పక్షం. కోర్టులో అవతలి పక్షానికి కుర్చీ లేదు, వారూ మీతో సమానంగా నిలబడి చెప్పుకోవాల్సిందే. ఆ తేడా కోసమే కదా ఇంత దూరం వచ్చాం” అన్నారు.

ఆయనే ఇంకో మాట కూడా చెప్పారు. భూసేకరణ అధికారి ఇచ్చిన అవార్డు ప్రభుత్వం తరఫున ముందుకు పెట్టిన ధర ప్రతిపాదన మాత్రమేనని, కోర్టు దాని మీద అప్పీలు వింటున్నట్టు కాకుండా మొదటి నుంచి తానే విచారించి ధర నిర్ణయించాలని సుప్రీంకోర్టు 1988లో చిమన్‌లాల్ హర్‌గోవిందాస్ కేసులో స్పష్టంగా చెప్పింది. దీనివల్ల మాకు లాభమూ ఉంది, బరువూ ఉంది. అధికారి రాసినది న్యాయమూర్తిని కట్టిపడేయదు, అది లాభం. మా భూమి అంతకంటే ఎక్కువ విలువ చేస్తుందని రుజువు చేయాల్సిన బాధ్యత మాదే, అది బరువు. అందుకని దస్తావేజుల ధ్రువీకృత నకళ్లు, అడంగళ్లు, గ్రామ పటం, పెద్ద రోడ్డు నుంచి మా భూమికి ఉన్న దూరం, జీడిచెట్ల లెక్క, అన్నీ ఒక్కొక్కటిగా సమకూర్చుకున్నాం. 1984లో చట్టాన్ని సవరించి, అమ్మినవారూ కొన్నవారూ స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పకపోయినా దస్తావేజు ధ్రువీకృత నకలును కోర్టు సాక్ష్యంగా తీసుకునే వీలు కల్పించారు. ఆ వీలు లేకపోతే, ఎక్కడెక్కడో ఉన్నవారిని వెతికి తీసుకురావడం మా వల్ల అయ్యేది కాదు.

సీనియర్ సివిల్ జడ్జి గారి కోర్టులో మా కేసు విచారణకు వచ్చేనాటికి చాలా వాయిదాలు గడిచాయి. ఆ గడిచిన కాలం గురించి తరువాత చెబుతాను. సాక్ష్యం చెప్పిన రోజున నేను చూసింది మాత్రం వివరంగా చెప్పాలి. బంట్రోతు పేరు పెట్టి కేక వేశాక బోనెక్కాను. నేను తెలుగులో చెబుతుంటే న్యాయమూర్తి గారు దాన్ని ఇంగ్లీషులో ఒక్కొక్క వాక్యంగా టైపిస్టుకు చెప్పి రాయించేవారు, మధ్యలో ఆగి, “నేను రాయించింది మీరు చెప్పిందేనా అమ్మా?” అని తెలుగులో అడిగేవారు. గవర్నమెంటు ప్లీడరు గారు క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెట్టి, మా భూమికి నీటి వసతి లేదు కదా అన్నారు, లేదని ఒప్పుకున్నాను. తరువాత, “మీరు ప్రభుత్వ ఉద్యోగి అయి ఉండి, పై అధికారుల అనుమతి లేకుండా ప్రభుత్వంపై ఈ కేసు నడుపుతున్నారు, అవునా?” అన్నారు. నాకు గొంతు ఎండిపోయింది. నేను జవాబు వెతుక్కునేలోపే న్యాయమూర్తి గారు తలెత్తి, ఆ ప్రశ్నకూ భూమి విలువకూ సంబంధం లేదని, దానికి నేను జవాబు చెప్పనక్కర్లేదని అన్నారు. గొంతు పెంచలేదు, ఎవరినీ మందలించలేదు. గవర్నమెంటు ప్లీడరు గారు తల ఊపి తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. నా మీద వేలాడుతున్న భయాన్ని ఆ ఒక్క వాక్యం తీసేసింది.

మరో వాయిదాకు భూసేకరణ అధికారి గారు సాక్ష్యం చెప్పడానికి వచ్చారు. మా నాన్నగారిని వరండాలో నిలబెట్టిన కార్యాలయానికి అధిపతి, ఫైలు పట్టుకొని, నేను నిలబడిన బోనులోనే నిలబడి, నేను చేసిన ప్రమాణమే చేశారు. ఇది చెప్పడంలో ఆయనను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ఆయన ఎంతో మర్యాదగా, ఉన్నది ఉన్నట్టు జవాబులు చెప్పారు. మా ప్లీడరు గారు ఆరు లక్షల దస్తావేజు చూపించి, ఆ భూమి మా భూమిని ఆనుకొని ఉన్నదేనా అని అడిగితే అవునన్నారు. ఎందుకు తీసుకోలేదంటే ధర ఎక్కువగా ఉందన్నారు. అప్పుడు న్యాయమూర్తి గారు స్వయంగా, “ఎక్కువ అని దేనితో పోల్చి నిర్ణయించారు?” అని అడిగారు. ఆయన కొంచెంసేపు ఫైలు తిరగేసి, “ప్రతిపాదన పంపించి పై అధికారుల ఆమోదం తీసుకున్నామండీ” అన్నారు. ఆ జవాబును న్యాయమూర్తి గారు ఒక్క మాట పోకుండా రాయించారు.

ఆ జవాబులో అబద్ధం లేదు. పాత చట్టం 11వ సెక్షన్ ప్రకారం, భూసేకరణ అధికారి అవార్డు ఇచ్చే ముందు ప్రభుత్వం ఆమోదాన్నో, ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారి ఆమోదాన్నో తీసుకోవాల్సిందే. అంటే ధర ఇంత ఉండాలని ఆయన మనసుకు తోచినా, పైనుంచి ఒప్పుకోకపోతే ఆ ధర ఇవ్వలేరు. ఆ అధికారి చెడ్డవారు కావడం వల్ల మాకు ధర తగ్గలేదు, ఆయన ఒక వరుసలో నిలబడి పనిచేసే ఉద్యోగి కావడం వల్ల తగ్గింది. కార్యనిర్వాహక శాఖ అలాగే నడవాలి, కింది ఉద్యోగి పై ఉద్యోగి మాట వినకపోతే పాలన సాగదు. కానీ తీర్పు చెప్పేవారు కూడా అదే వరుసలో నిలబడితే, ఆ బోనులో ఆయన ఏ జవాబు ఇచ్చారో న్యాయపీఠం మీద నుంచి కూడా అదే జవాబు వచ్చేది. న్యాయమూర్తి గారు ఎకరానికి ఇంత అని రాయడానికి ఎవరికీ ప్రతిపాదన పంపనక్కర్లేదు. తీర్పు నచ్చనివారు పై కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు కానీ, తీర్పు ఇవ్వకముందే ఫలానా విధంగా ఇవ్వమని ఆమెకు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

సాక్ష్యం పూర్తయి, వాదనలు మొదలుకావాల్సిన సమయంలో ఆ న్యాయమూర్తి గారికి బదిలీ అయింది. మా ఇంట్లో అందరికీ ఒకటే అనుమానం వచ్చింది, ప్రభుత్వమే కావాలని ఆమెను పంపించేసిందని. ఆ సాయంత్రం ప్లీడరు గారి ఆఫీసులో ఈ మాట అన్నప్పుడు ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి చాలాసేపు చెప్పారు. వేసవి సెలవుల వేళ న్యాయాధికారుల బదిలీలు ఏటా జరిగేవే, వాటిని చేసేది హైకోర్టు. రాజ్యాంగం 235వ అధికరణం జిల్లా కోర్టుల మీద, కింది కోర్టుల మీద అదుపును హైకోర్టుకు అప్పగించింది. జిల్లా జడ్జిని గవర్నరు నియమించాలన్నా 233వ అధికరణం ప్రకారం హైకోర్టును సంప్రదించాలి. కాబట్టి కలెక్టరు గారికి గాని, సచివాలయంలో ఉన్నవారికి గాని ఒక సివిల్ జడ్జిని ఇక్కడి నుంచి అక్కడికి కదిపే అధికారం లేదు. కొత్తగా వచ్చిన న్యాయమూర్తి గారు, పాతవారు రికార్డు చేసిన సాక్ష్యం మీదనే కేసును అక్కడి నుంచి కొనసాగించారు. ఎవరు వచ్చినా రికార్డు రికార్డే కాబట్టి, పై అధికారుల ఆమోదం గురించిన ఆ జవాబు కూడా అలాగే ఉంది.

మన జిల్లాలోనే ఒకప్పుడు ఈ ఏర్పాటు లేదు. 1839 నాటి 24వ చట్టం ద్వారా గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టారు. గవర్నరు ఏజెంటు అన్న హోదాలో శిస్తు వసూలు చేసేదీ ఆయనే, శాంతిభద్రతలు చూసేదీ ఆయనే, సివిల్, క్రిమినల్ న్యాయం చెప్పేదీ ఆయనే. ఏజెన్సీ అన్న పేరు మన వాడుకలోకి వచ్చింది అలాగే. మన్యంలో ఒక గిరిజనుడికి సర్కారు మనిషి మీద ఫిర్యాదు ఉంటే అది వెళ్లి చేరేది ఆ సర్కారు పెద్ద దగ్గరికే. మైదానంలో కూడా ఫౌజ్‌దారీ అధికారం చాలాకాలం రెవెన్యూ అధికారుల దగ్గరే ఉంది. న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుచేయాలని రాజ్యాంగం 50వ అధికరణంలో రాసుకున్నా, దాదాపు దేశమంతటా ఒకే పద్ధతిలో జుడీషియల్ మేజిస్ట్రేట్లను వేరుచేసి హైకోర్టుల కిందికి తెచ్చింది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, అది అమలులోకి వచ్చింది 1974 ఏప్రిల్ 1న. పాఠం చెప్పేటప్పుడు ఒక్క వాక్యంలో దాటిపోయే ఈ సంగతికి ఎంత కాలం పట్టిందో ఆ సాయంత్రం నాకు తెలిసింది.

కాగితం మీద వేరుచేసినంత మాత్రాన కింది కోర్టు జడ్జికి రక్షణ దొరికినట్టు కాదని కూడా మా ప్లీడరు గారు చెప్పారు. 1989లో గుజరాత్‌లోని నడియాద్‌లో పోలీసులు అక్కడి చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటునే అరెస్టు చేసి, చేతులకు బేడీలు వేసి, తాడుతో కట్టారు. పోలీసులు సమన్లు అందజేయడం లేదని ఆ మేజిస్ట్రేటు అంతకుముందు ఫిర్యాదు చేసి ఉన్నారు. 1991లో సుప్రీంకోర్టు దాన్ని కోర్టు ధిక్కారంగా పరిగణించి, బాధ్యులైన పోలీసు అధికారులకు శిక్ష వేసి, న్యాయాధికారిని అరెస్టు చేయాల్సి వస్తే పాటించాల్సిన నియమాలను నిర్దేశించింది. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదని తేల్చిన కేశవానంద భారతి కేసు గురించి వందల వ్యాసాలు వస్తాయి కానీ, నడియాద్ కేసు గురించి మాట్లాడేవారు తక్కువ. సామాన్యుడు జీవితంలో ఒక్కసారైనా ఎక్కే గుమ్మం మేజిస్ట్రేటు కోర్టుదే, సివిల్ జడ్జి కోర్టుదే కాబట్టి నాకు నడియాద్ కేసే ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది.

అయినా ఈ రక్షణ పై కోర్టుల్లో తెగితే కింది కోర్టుల్లో నిలవదు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు వచ్చిన వెంటనే, ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను పక్కనపెట్టి ఎ.ఎన్.రేను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఎమర్జెన్సీలో అక్రమంగా నిర్బంధించినా కోర్టుకు వెళ్లే హక్కు లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, అయిదుగురిలో కాదన్న ఒకే ఒక్కరు హెచ్.ఆర్.ఖన్నా. 1977 జనవరిలో ఆయనను దాటి జూనియరును ప్రధాన న్యాయమూర్తిగా నియమిస్తే ఆయన రాజీనామా చేశారు. అదే కాలంలో 16 మంది హైకోర్టు న్యాయమూర్తులను బదిలీ చేశారు. వారిలో గుజరాత్ హైకోర్టు నుంచి మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు బదిలీ అయిన సంకల్‌చంద్ సేఠ్ ఆ బదిలీని కోర్టులోనే సవాలు చేశారు. న్యాయమూర్తిని శిక్షగా బదిలీ చేయకూడదని, ప్రజాహితం కోసమే, అదీ ప్రధాన న్యాయమూర్తిని నిజంగా సంప్రదించాకే చేయాలని 1977లో సుప్రీంకోర్టు ఆయన కేసులోనే చెప్పింది. ఈ కథలన్నీ మా ప్లీడరు గారు తాను కొత్తగా బారులో చేరిన రోజులుగా గుర్తుచేసుకుంటూ చెప్పారు. ఆ రోజుల్లో బార్ అసోసియేషన్ గదిలో గొంతు తగ్గించి మాట్లాడుకునేవారట.

తీర్పు మాకు పూర్తిగా అనుకూలంగా రాలేదు. మేము అడిగినట్టు ఎకరానికి ఆరు లక్షలు ఇవ్వలేదు. చిన్న విస్తీర్ణం అమ్మిన ధరను పెద్ద విస్తీర్ణానికి యథాతథంగా వర్తింపజేయలేమని, నీటి వసతి లేదని నేనే ఒప్పుకున్నానని చెప్పి, నాలుగున్నర లక్షలు నిర్ణయించారు. దాని మీద 30 శాతం సొలేషియం, అంటే ఇష్టం లేకున్నా భూమి వదులుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము, ప్రకటన తేదీ నుంచి ఏడాదికి 12 శాతం అదనపు విలువ, పెరిగిన సొమ్ము మీద భూమి స్వాధీనం చేసుకున్న తేదీ నుంచి మొదటి ఏడాదికి 9 శాతం, ఆ తరువాత 15 శాతం వడ్డీ ఇమ్మన్నారు. తగ్గించిన మేరకు నాకు బాధ కలిగిన మాట నిజమే కానీ, తగ్గించడానికి చెప్పిన కారణాలు మొత్తం చదివాక నాకు కోపం రాలేదు. అవార్డులో మాకు దొరికింది ఒక్క వాక్యం. ఇక్కడ మా ప్రతి దస్తావేజు గురించీ ఎందుకు తీసుకున్నారో, ఎందుకు తీసుకోలేదో రాశారు.

ప్రభుత్వం హైదరాబాదులో హైకోర్టుకు అప్పీలు వేసింది. పెరిగిన సొమ్ములో సగం ఎనిమిది వారాల్లో జమచేస్తే స్టే ఉంటుందని హైకోర్టు చెప్పింది. గడువు దాటింది, సొమ్ము జమకాలేదు, స్టే పోయింది. తీర్పు అమలు చేయించమని మేము విశాఖలో ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేశాం. ప్రభుత్వం మీద వచ్చిన డిక్రీని మూడు నెలలపాటు చెల్లించకుండా ఉంటే తప్ప అమలుకు వెళ్లడానికి వీల్లేదు, ఆ మూడు నెలలు ఎప్పుడో దాటిపోయాయి. మళ్లీ కొన్ని వాయిదాల తరువాత కార్యాలయంలోని చరాస్తుల జప్తుకు వారంటు ఇచ్చారు.

ఆస్తులు చూపించడానికి, కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి అయిన అమీనా గారి వెంట నేనూ, ప్లీడరు గారి గుమస్తా వెళ్లాం. అమీనా గారు నడివయసు దాటిన మనిషి, చేతిసంచిలో కాగితాలు తప్ప ఇంకేమీ లేవు, వెంట పోలీసులు లేరు. నేరుగా అధికారి గారి గదిలోకి వెళ్లి నమస్కారం పెట్టి, వారంటు చదివి వినిపించి, ఇనుప బీరువాలు, కంప్యూటర్లు, తిరిగే కుర్చీ, పోర్టికోలో ఉన్న జీపు నంబరు, అన్నీ వరుసగా కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. గదిలో ఉన్న గుమస్తాలందరూ లేచి నిలబడ్డారు. ఇన్నేళ్లూ ఆ కార్యాలయం రాసిన జాబితాల్లో మా చెట్లు, మా సెంట్లు ఉండేవి. ఆ రోజు ఆ కార్యాలయం వస్తువులు మరొకరి జాబితాలోకి ఎక్కాయి. అధికారి గారు ఎవరికో ఫోన్లు చేశారు, చివరికి నిధులు మంజూరవుతున్నాయి, గడువు ఇప్పించండి అని కోర్టుకు లేఖ రాసి ఇచ్చారు. కోర్టు గడువు ఇచ్చింది, ఆ గడువులోనే సగం సొమ్ము జమ అయింది. జమ అయిన సొమ్ము ఇప్పించమని మేము చెక్ పిటిషన్ వేసి తీసుకున్నాం. ఒక చిన్న ఉద్యోగి ఒంటరిగా వెళ్లి ప్రభుత్వ కార్యాలయం జీపు నంబరు రాసుకోగలిగాడంటే, అతని చేతిలోని కాగితం మీద సంతకం చేసినవారు ఆ కార్యాలయానికి గాని, దాని పై కార్యాలయానికి గాని జవాబుదారు కాకపోవడమే కారణం.

ఆలస్యం గురించి చెప్పకుండా ఈ అనుభవం పూర్తికాదు. మా నాన్నగారు తీర్పు వినలేదు. మధ్యలో కొన్ని నెలలపాటు ఆ కోర్టుకు న్యాయమూర్తి లేక, ఇన్‌ఛార్జి కోర్టులో వాయిదాలు మాత్రమే వేశారు. న్యాయమూర్తులను అదుపు చేసేది హైకోర్టే అయినా, కొత్త కోర్టు మంజూరు చేయాలన్నా, భవనం కట్టాలన్నా, సిబ్బందిని ఇవ్వాలన్నా డబ్బు రావాల్సింది ప్రభుత్వం నుంచే. హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు శాసనసభ ఓటుకు లోబడకుండా రాష్ట్ర సంచిత నిధి నుంచి నేరుగా వస్తాయి కానీ, కింది కోర్టు టైపిస్టు పోస్టుకు ఆ భరోసా లేదు. ఎవరి మీద ఎక్కువ కేసులు ఉన్నాయో వారి చేతిలోనే కోర్టుల ఖర్చు సంచి ఉండడం నాకు ఎప్పటికీ సబబుగా తోచదు. కేసును ఓడించనక్కర్లేదు, న్యాయమూర్తి కుర్చీని ఖాళీగా ఉంచితే చాలు.

న్యాయమూర్తుల నియామకాల విషయంలో కూడా నాకొక అభిప్రాయం ఉంది. న్యాయమూర్తుల ఎంపికలో కేంద్ర న్యాయశాఖ మంత్రికి కూడా చోటిచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను సుప్రీంకోర్టు 2015 అక్టోబరు 16న 4-1 మెజారిటీతో కొట్టివేసింది, కాదన్న ఒక్కరు మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్. న్యాయమూర్తి ఎంపికలో మంత్రి మాట నెగ్గే పరిస్థితి రాకూడదన్నది నా నమ్మకం, అందుకే మెజారిటీ భయం నాకు అర్థమవుతుంది. అయితే ఎవరిని ఎందుకు ఎంపిక చేశారో, ఎందుకు వద్దన్నారో బయటకు తెలియాలన్న చలమేశ్వర్ గారి పట్టుదల కూడా న్యాయమైనదే. మా కేసులో ప్రతి దస్తావేజుకూ కారణం రాసిన వ్యవస్థ, తనలోకి ఎవరిని తీసుకుంటున్నదో దానికీ కారణం రాయగలదు. పదవీ విరమణ తరువాత వచ్చే పదవుల సంగతీ అంతే. ఆంధ్ర హైకోర్టుకు 1954లో తొలి ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు గారంటే నాకు ఎంతో గౌరవం. అయినా 1967లో ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి వెంటనే ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడకుండా ఉంటే బాగుండేదని అనుకుంటాను. కోర్టు కుర్చీకీ ఎన్నికల బరికీ మధ్య కొన్నేళ్ల ఎడం ఉంటే, చెప్పిన తీర్పుల మీద ఎవరూ వేలు చూపించలేరు.

2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్‌కు వేరే హైకోర్టు ఏర్పడ్డాక మా అప్పీలు ఫైలు కూడా ఇటు వచ్చింది. అంతకుముందు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్లేవాళ్లం, ఆ తరువాత రత్నాచల్‌లో విజయవాడ దిగి అమరావతిలోని నేలపాడు వెళ్లాం. హైకోర్టు ప్రభుత్వ అప్పీలును కొట్టివేసి కింది కోర్టు ధరనే ఖాయం చేసింది, మిగిలిన సొమ్మును ప్రభుత్వం ఆ తరువాత పెద్ద ఇబ్బంది పెట్టకుండానే జమచేసింది. అన్నయ్య, నేను, చెల్లెలు సమానంగా పంచుకున్నాం.

ఇప్పుడు మా పక్క ఊరిలో 2013 చట్టం కింద భూములు తీసుకుంటున్నారు. సొలేషియం 100 శాతానికి పెరిగింది. ధర మీద తగవు మాత్రం సివిల్ కోర్టుకు బదులు ఆ చట్టం కింద ఏర్పడిన అథారిటీకి వెళుతుంది. ఆ ఊరివాళ్లు కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చినప్పుడు, అభ్యంతరం రాయకుండా సంతకం పెట్టవద్దని మొదట చెబుతాను. ఆ తరువాత ఆ అథారిటీలో కూర్చునేవారు ఎవరో చూస్తాను. జిల్లా జడ్జిగా పనిచేసిన లేదా పనిచేస్తున్నవారో, కనీసం ఏడేళ్ల అనుభవమున్న న్యాయవాదో అయి ఉండాలని, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించాకే ప్రభుత్వం నియమించాలని చట్టంలో ఉంది. ఆ సంప్రదింపు జరిగిందా, ఆ కుర్చీ భర్తీ అయిందా అన్న రెండు ప్రశ్నలు రాసి మా ప్లీడరు గారికి పంపాను, ఆయన కనుక్కొని చెబుతానన్నారు.